దువ్వెన కింద పసుపు

22 సెప్టెంబరు, సోమవారం

ఈ డైరీ వన్ టౌన్‌లో ఒక హోల్‌సేల్ బట్టల కొట్టువాళ్ళు ఊరికే పంచినది. మా ఆవిడ నాగవేణి జనవరి పేజీల్లో ముగ్గులు వేసుకుని వదిలేసింది. మిగతాది నా చేతిలో పెట్టి, "రోజూ పడుకునే ముందు నలుగుర్ని తిట్టుకునే బదులు, ఆ రోజు మీకు మేలు చేసినవాళ్ళ పేరు ఒక్కటి రాయండి. మీ నోటికీ కాస్త విశ్రాంతి, నా చెవులకీ విశ్రాంతి" అంది. తను చదవదట. ఒట్టేసింది. చదివితే నాకంటే తనకే నష్టం.

ఇవాళ నాకు మేలు చేసినవాడు: మా బావమరిది ఉమామహేశ్. పన్లోంచి తీసెయ్యలేదు.

ఎందుకు తీసెయ్యాలనుకున్నాడో కూడా రాయాలి కాబోలు. పటమటలో పోలరాజు గారని చేపల వ్యాపారి ఉన్నారు. కొల్లేరు మనిషి. కుర్రతనంలో చేపల లారీ ఎక్కి బెజవాడ వచ్చినప్పుడల్లా రూపాయి బిళ్ళ వేసి ఆడుకున్న వీడియో గేమ్ పెట్టెని, ఆ ఆటల కొట్టు మూసేశాక వెతికి కొనుక్కుని మేడ మీద పెట్టుకున్నారు. బీరువా అంత పెట్టె. దానికి జలుబు చేసినా మా కొట్టుకే వస్తారు. పాత గేమ్ బోర్డులు బాగుచేసే కొట్టు ఈ చుట్టుపక్కల మాదొక్కటే. పోయిన వారం వచ్చి, మా టెస్టింగ్ బల్ల మీద ఒక ఆట ఆడతానన్నారు. నేను మీట వైర్లు రెండూ తారుమారు చేసి ఇచ్చాను. ఎడమకి తిప్పితే బొమ్మ కుడికి పోతుంది. ఆయన అరగంట ఆడి, చెమట తుడుచుకుని, "నా చెయ్యి నా మాట వినట్లేదయ్యా" అని దిగాలుగా వెళ్ళిపోయారు. మూడు రోజులు డాక్టర్ల చుట్టూ తిరిగి మెడకి స్కానింగు కూడా తీయించుకున్నారట.

ఉమామహేశ్ నవ్వలేదు. "బావా, అక్క మొహం చూసి ఊరుకుంటున్నా. ఇదే ఆఖరు. ఇంకొక్క వేషం వేశావంటే ఈ మెట్లెక్కకు" అన్నాడు.

నాకు నలభై ఎనిమిది. తొమ్మిదో తరగతి తప్పాను. మంగళగిరిలో మా నాన్న మగ్గం అమ్మేశాక చెయ్యని పని లేదు. ఎక్కడా నా చేతి దురద ఓనర్లకి నచ్చలేదు. ఈ కొట్లో తొమ్మిదేళ్ళున్నాను. అది నా గొప్ప కాదు, ఉమామహేశ్ ఓపిక.

24 సెప్టెంబరు, బుధవారం

పోలరాజు గారి బోర్డు వచ్చింది. ఆయన చెయ్యి బాగానే ఉందట, బోర్డే వేడెక్కుతోందట. ఈ పాత బోర్డుల మీద కొన్ని పెద్ద చిప్పులుంటాయి. ఆ కంపెనీవాళ్ళు ఆ ఒక్క ఆట కోసం ప్రత్యేకంగా చేయించుకున్నవి. ఇప్పుడు భూమ్మీద ఎవరూ తయారుచెయ్యరు. పది నిమిషాలు ఆడితే వేలు పెట్టలేం. కాలీ కాలీ ఏదో ఒకనాడు చస్తాయి. చావకుండా వాటి వీపు మీద అల్యూమినియం హీట్ సింకులు అతికిస్తాం. పళ్ళు పళ్ళుగా ఉంటాయి కాబట్టి నేను దువ్వెనలంటాను. అవి వేడిని లాగి గాలికి వదిలేస్తాయి.

పని చిన్నదే. చిప్పు తుడవాలి. రెండువైపులా జిగురున్న థర్మల్ టేపు వెయ్యాలి. దువ్వెన పెట్టి అరవై లెక్కపెట్టేదాకా నొక్కి పట్టుకోవాలి. ఒక రోజంతా కదపకూడదు.

అతికించేది నేను, తుడిచేది కృప. ఉయ్యూరు అమ్మాయి. ఐటీఐ చదివింది. మా దగ్గర చేరి రెండేళ్ళయింది. స్పిరిట్‌లో ముంచిన తెల్లగుడ్డతో ఒక్కో చిప్పునీ మూడుసార్లు తుడుస్తుంది. మూడో గుడ్డ కూడా తెల్లగా వస్తేనే బోర్డు నా బల్ల మీదికొస్తుంది. ఆ తర్వాత నేను చిప్పు మీద వేలానిస్తే నా పని అయిపోయినట్టే.

"అన్నయ్య గారూ, మళ్ళీ ముట్టుకున్నారు."

"నా వేలికేం తల్లీ, పొద్దున్నే రుద్ది రుద్ది స్నానం చేశా."

"పొద్దున్న తిన్న మినపట్టు ఇంకా ఉంది దానికి. నూనె మీకు కనపడదు, టేపుకి కనపడుద్ది" అని మళ్ళీ మొదట్నుంచీ మూడుసార్లు తుడిచింది.

ఇవాళ్టి మేలు: మినపట్టు. బాగుంది.

27 సెప్టెంబరు, శనివారం

దసరా వెళ్ళాక హాట్ ఎయిర్ బల్ల కృపకి ఇస్తానని ఉమామహేశ్ ఇవాళ అందరి ముందూ చెప్పాడు. అందరూ అంటే మేమిద్దరమే. వేడిగాలితో చిప్పులు ఊడదీసి, కొత్తవి వేసే బల్ల అది. మా కొట్టుకి గర్భగుడి లాంటిది. ఇన్నాళ్ళూ ఉమామహేశ్ తప్ప ఎవరూ కూర్చోలేదు. కృప కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ బల్ల మీద రెండేళ్ళు చెయ్యి తిరిగితే ఉయ్యూర్లో సొంతంగా పెట్టుకోవచ్చని దాని ఆశ. వాళ్ళమ్మ శౌరమ్మ చక్కెర ఫ్యాక్టరీ గేటు దగ్గర ఇడ్లీ బండి నడుపుతుంది. ఆ పొగలోంచి ఆమెని బయటికి తేవాలని ఎప్పుడూ అంటూ ఉంటుంది.

నేను ఆ బల్ల పక్కన తొమ్మిదేళ్ళుగా కూర్చుంటున్నాను. నాకేం కుళ్ళు లేదు. ఆ పిల్ల చెయ్యి మంచిది.

కుళ్ళేం లేదు.

1 అక్టోబరు, బుధవారం

ఆయుధ పూజ. కృప నిన్న సాయంత్రమే బోర్డు తుడిచి, పైన ప్లాస్టిక్ డబ్బా బోర్లించి, పండగకి ఇంటికెళ్ళింది. శుక్రవారం పొద్దున్నే పోలరాజు గారికి ఇచ్చెయ్యాలి కాబట్టి దువ్వెనలు ఇవాళే అతికించమని ఉమామహేశ్ చెప్పాడు. వాడు కుటుంబంతో కొండ మీద అమ్మవారి దర్శనానికి క్యూలో ఉన్నాడు. పన్నెండు దాటితేగానీ రాడు. పూజ నా మీద పడింది.

మా అమ్మ వెంకటరావమ్మ మగ్గానికి బొట్టు పెట్టేటప్పుడు పసుపులో నీళ్ళు పోసేది కాదు. కొబ్బరినూనె చుక్క వేసి రంగరించేది. నీళ్ళ బొట్టు ఎండి రాలిపోద్ది, నూనె బొట్టు మళ్ళీ దసరా దాకా ఉంటది అనేది. నేనూ అలాగే చేశాను. సోల్డరింగ్ ఐరన్‌కి, మీటరుకి, స్క్రూడ్రైవర్లకి, హాట్ ఎయిర్ మిషనుకి, షట్టరుకి పెట్టాను. చేతిలో ఇంకా పసుపు మిగిలింది.

డబ్బా తీశాను. నాలుగు పెద్ద చిప్పులు నల్లగా నిగనిగలాడుతున్నాయి. వాటికీ పెడితే ఉమామహేశ్ వచ్చి చూసి ఎంత ఎత్తుకి ఎగురుతాడో తల్చుకుంటే నవ్వాగలేదు. నాలుగింటికీ పెట్టాను. పసుపు, మధ్యలో కుంకుమ. పేరంటానికొచ్చిన ముత్తైదువల్లా కూర్చున్నాయి.

కింద బండి చప్పుడైంది. ఇదే ఆఖరు అన్న మాట గుర్తొచ్చింది. తుడిచేశాను. బాగానే తుడిచాను. దువ్వెనలు అతికించాను. ఒక్కోదానికీ అరవై లెక్కపెట్టాను.

బండి ఉమామహేశ్‌ది కాదు, పక్క కొట్టువాళ్ళది.

ఇవాళ్టి మేలు: అమ్మవారు. ఎవరూ చూడలేదు.

3 అక్టోబరు, శుక్రవారం

బోర్డు పటమట వెళ్ళింది. పోలరాజు గారు ఫోన్ చేసి గంటసేపు ఆడాననీ, పెట్టె చల్లగా ఉందనీ మెచ్చుకున్నారు.

కృప రాగానే అడిగింది. "నేను తుడిచాక ఎవరూ ముట్టుకోలేదు కదా?"

"లేదు" అన్నాను.

6 అక్టోబరు, సోమవారం

బోర్డు తిరిగొచ్చింది.

పోలరాజు గారు దాన్ని చంటిపిల్లని తెచ్చినట్టు తువ్వాల్లో చుట్టుకుని తెచ్చారు. నిన్న సాయంత్రం ఆట మధ్యలో లోపల టక్‌మని చప్పుడైందట, తెర మీద చారలొచ్చి ఆరిపోయిందట. వెనక తలుపు తీస్తే ఒక దువ్వెన ఊడి పక్క చిప్పు కాళ్ళ మీద అడ్డంగా పడి ఉందట. మా బల్ల మీద బోర్డు పడుకుని ఉంటుంది. పెట్టెలో నిలబడి ఉంటుంది. జిగురు సరిగ్గా పట్టకపోతే, వేడెక్కేకొద్దీ దువ్వెన కిందికి జారుతుంది. చిప్పు చుట్టూ వెంట్రుకల్లాంటి లోహపు కాళ్ళుంటాయి, వాటి మీద అల్యూమినియం పడితే కరెంటు కలిసిపోతుంది. బొమ్మలు గీసే పెద్ద చిప్పు పోయింది.

ఆయన ఊడిన దువ్వెనని జేబులోంచి తీసి నా చేతిలో పెట్టారు. నేను దాన్ని నా జేబులో వేసుకున్నాను.

ఉమామహేశ్ అద్దం పెట్టి చిప్పు వీపు చూశాడు. "జిడ్డు. ఇంత జిడ్డుంటే ఏ టేపు పట్టుద్ది? తుడవలేదు దీన్ని."

"తుడిచాను సార్" అంది కృప.

"మరిదేంటి?"

"మూడుసార్లు తుడిచాను సార్. గుడ్డ తెల్లగా వచ్చింది."

"పండక్కి బస్సు దొరకదని తొందర్లో ఉన్నావు ఆ రోజు. నేను చూశా. ఒక్క బోర్డు కృపా. ఇట్టాంటిది మళ్ళీ పుట్టదు." అరవలేదు. అరిస్తే బాగుండేది. "హాట్ ఎయిర్ బల్ల సంగతి ఇప్పుడొద్దులే. కొన్నాళ్ళు ప్యాకింగ్ చూసుకో."

కృప నా వైపు చూసింది. అతికించినవాణ్ణి నేనే కదా, ఏమన్నా చెప్తానేమోనని. నేను పోలరాజు గారికి మంచినీళ్ళు తేవడానికి వెళ్ళాను.

వచ్చేసరికి ఆమె బ్యాగు లేదు.

7 అక్టోబరు, మంగళవారం

తుడిచాను. ఆ బొట్లు కండువాతో తుడిచాను. కొత్త కండువా.

8 అక్టోబరు, బుధవారం

కృప నిన్నా రాలేదు, ఇవాళా రాలేదు. ఫోన్ ఎత్తలేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఉమామహేశ్‌కి చెప్పేశాను.

"ఒరే ఉమా, ఆ బోర్డుని చంపింది నేనే. కృప తుడిచిన చిప్పులకి నేను పసుపు బొట్లు పెట్టాను."

వాడు ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు. తర్వాత పొలమారేదాకా నవ్వాడు. "చిప్పులకి బొట్లా! తాంబూలం ఇచ్చావా మరి? జాకెట్టు గుడ్డ పెట్టావా?"

"నిజంరా. నూనె కలిపి పెట్టాను."

"పోలరాజు గారు చెయ్యి పోయిందని ఏడుస్తుంటే కూడా నువ్విట్టాగే మొహం పెట్టావు బావా. నీ మొహం చూసి నేను మోసపోవడం మానేసి తొమ్మిదేళ్ళయింది." కళ్ళు తుడుచుకున్నాడు. "ఆ పిల్ల మీద జాలిపడి మీదేసుకుంటున్నావు, తెలుసులే. మంచివాడివే నువ్వు."

బావాబావమరుదుల మధ్య మాటకి సగం ధరే పలుకుతుందని మా వైపు అందరికీ తెలుసు. నేను చెప్పాను. వాడు నమ్మలేదు. నా పని నేను చేశాను. ఇంకేం చెయ్యమంటారు?

దువ్వెన జేబులోనే ఉంది.

ఇవాళ్టి మేలు: ఉమామహేశ్. మంచివాడన్నాడు.

9 అక్టోబరు, గురువారం

నాగవేణి బట్టలు నానబెడుతూ నా చొక్కా జేబులోంచి దువ్వెన తీసింది. దాని అడుగున టేపు, నేను తుడవగా చిప్పు మీద మిగిలిన పసుపంతా ఆ టేపుకే అంటుకుని పచ్చగా, మధ్యలో ఎర్రగా ఒక చుక్క. నిన్ననే పెట్టినట్టుంది.

"ఏంటండీ ఇది?"

మామూలుగా అయితే ఏదో ఒకటి అల్లేవాణ్ణి. ఈసారి అల్లలేదు. జరిగిందంతా చెప్పాను. నిలబడే విన్నది.

"మరి తమ్ముడికి చెప్పారా?"

"చెప్పానే. పగలబడి నవ్వాడు. నమ్మకపోతే నేనేం చెయ్యను?"

"ఇది చూపించారా?"

నేను చొక్కా తీసుకుని బకెట్లో ముంచాను.

"జేబులో ఇది పెట్టుకుని, చూపించకుండా చెప్పొచ్చారా? అది చెప్పడం కాదండీ. నవ్వించి తప్పించుకోడం." దువ్వెనని చీర కొంగుతో నీళ్ళు లేకుండా ఒత్తి, టీవీ మీద పెట్టింది. "ఆ పిల్ల నాలుగు రోజులుగా ఏం తింటోందో ఎట్టా పడుకుంటోందో."

వంట చేసింది. నాకు వడ్డించింది. ఇంకో మాట మాట్లాడలేదు. ఇరవై రెండేళ్ళ కాపరంలో నన్ను ఇన్ని తిట్లు తిట్టింది గానీ, తిట్టకుండా ఉండటం ఇదే మొదలు.

ఇవాళ్టి మేలు రాయాలంటే నాగవేణి పేరే రాయాలి. వేరే ఎవరూ తోచట్లేదు.

10 అక్టోబరు, శుక్రవారం

కొట్టుకి వెళ్ళకుండా బస్టాండుకి వెళ్ళి ఉయ్యూరు బస్సెక్కాను. ఆడవాళ్ళకి టిక్కెట్టు లేదుగా, బస్సంతా వాళ్ళే. డబ్బులిచ్చిన నేను కంకిపాడు దాకా నిలబడ్డాను. ఇంకోరోజైతే దీని మీద పదిమందిని నవ్వించేవాణ్ణి. ఇవాళ దువ్వెనని జేబులో పట్టుకుని నిలబడ్డాను.

ఫ్యాక్టరీలో గానుగ ఇంకా మొదలవలేదు. గేటు దగ్గర జనం లేరు. శౌరమ్మ గారు బండి తుడుచుకుంటోంది. పేరు చెప్పగానే, "ధనుంజయ్ గారా? మా అమ్మాయి మీ గురించి చెప్పి నవ్విద్దండీ, రండి బాబూ" అని ఇంటికి తీసుకెళ్ళింది. ఆ మాటకే సగం చచ్చాను.

కృప గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్ళేరుతోంది. లేవలేదు.

"సార్ పంపారా?"

"ఉమాకి తెలియదు నేనొచ్చినట్టు." నిలబడే మొదలుపెట్టాను. నవ్వొచ్చేట్టు చెప్పకూడదని దారంతా అనుకుంటూ వచ్చాను. నాకు ఇంకోరకంగా చెప్పడం రాదు. అందుకని పొట్టిగా చెప్పాను. "నువ్వు తుడిచావు. నవమి రోజు నేను డబ్బా తీసి ఆ చిప్పులకి పసుపు బొట్లు పెట్టాను. కొబ్బరినూనె కలిపాను. బండి చప్పుడికి భయపడి కండువాతో తుడిచి, పైన దువ్వెన అతికించేశాను. నువ్వడిగితే ముట్టుకోలేదన్నాను."

నవ్వుతుందని చూశాను. ఎవరైనా నవ్వుతారు. చిప్పుకి బొట్టు పెట్టానంటే ఎవరు నమ్ముతారు? జేబులో చెయ్యి పెట్టాను, దువ్వెన చూపిద్దామని.

ఆమె చేట పక్కన పెట్టింది.

"ఎన్నింటికి పెట్టారు?"

"నాలుగింటికీ."

"అయితే మిగతా మూడూ కూడా ఊడతాయి."

ఇంకా నేను దువ్వెన తియ్యనే లేదు. నమ్మేసింది.

"నువ్వు... నమ్మావా?"

"నమ్మక? నేను తుడిచింది నాకు తెలీదా?" అప్పుడు లేచింది. గొంతు లేచింది. "తెలుసు అనుకున్నా సోమారం దాకా. ఆ తర్వాత అనుమానం మొదలైంది. నిజంగా తుడిచానా, రెండుసార్లే తుడిచానా, బస్సు తొందర్లో మూడోది మర్చిపోయానా అని. రాత్రంతా ఈ చేతులు చూసుకుంటన్నా. అమ్మ గిన్నెలు కడగమంటే ఒక గిన్నె నాలుగుసార్లు కడిగా తెలుసా మీకు? నా చేతుల మీద నాకే నమ్మకం పోయిందండీ. బల్ల పోతే పోయింది. ఇదెవరిస్తారు నాకు తిరిగి?"

శౌరమ్మ గారు మంచినీళ్ళ గ్లాసు పట్టుకొచ్చింది.

"ఈయనకి నీళ్ళివ్వమాక అమ్మా."

"ఎండన పడొచ్చాడే..."

"ఇవ్వమాక అన్నానా."

ఆమె గ్లాసు పట్టుకుని మా ఇద్దరి మధ్యా నిలబడిపోయింది. కృప తిడుతూనే ఉంది. సిగ్గుందా అంది. తెల్లజుట్టొచ్చింది దేనికి అంది. మీ నవ్వుకి నా అన్నం కావాల్సొచ్చిందా అంది. పక్కింటివాళ్ళు గోడ మీంచి చూస్తున్నారు. నేను ఒక్క మాటకీ ఎదురుచెప్పలేదు. ఎదురుచెప్పడానికి మాట లేక కాదు. నలభై ఎనిమిదేళ్ళలో నేను చెప్పిందాన్ని చెప్పినట్టుగా తీసుకుని, దానికి తగ్గట్టు కోప్పడిన మనిషి ఈమే. నన్ను చూసి జనం నవ్వుతారు, లేకపోతే వెళ్ళగొడతారు. కూర్చోబెట్టి, కాదు, నిలబెట్టి, ఇంత శ్రద్ధగా ఎవరూ తిట్టలేదు.

చివరికి అలిసిపోయి గుమ్మం మీద కూర్చుంది. చెయ్యి చాపింది. దువ్వెన ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసింది. గోటితో పసుపుని గీరి, వాసన చూసింది.

"రేపు పొద్దున్నే వస్తా. మీరు నాకంటే ముందుండాలి అక్కడ" అంది.

నీళ్ళు తాగకుండానే వచ్చాను. శౌరమ్మ గారు బస్టాప్ దాకా వెనకే వచ్చి, గ్లాసు అక్కడిచ్చింది.

11 అక్టోబరు, శనివారం

కృప దువ్వెనని ఉమామహేశ్ బల్ల మీద బోర్లా పెట్టింది. వాడు వాసన చూశాడు. కొబ్బరినూనె పసుపు. మా ఇంట్లో ప్రతి శుక్రవారం వాళ్ళక్క గడపకి పెట్టేది అదే. వాడికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

దువ్వెనని పక్కన పెట్టాడు. కృపతో, "తప్పు నాదమ్మా. అడక్కుండా అన్నాను" అన్నాడు. ఆ తర్వాత పోలరాజు గారికి ఫోన్ చేసి, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. అవతల్నుంచి వచ్చిన తిట్లు నాకు గుమ్మం దాకా వినపడ్డాయి. చేపల రేవులో పెరిగిన నోరు. వాటి ముందు నావి బాలశిక్ష.

మా అటక మీద అదే ఆట బోర్డు ఒకటి తుక్కుకింద ఉంది. బోర్డు మీది రాగి దారులన్నీ తుప్పు పట్టి పోయాయి గానీ ఆ పెద్ద చిప్పు బతికే ఉంది. దాన్ని ఊడదీసి దీనికి వెయ్యాలి. నాలుగు పక్కలా నలభై నలభై కాళ్ళు. ఒక్కటి విరిగినా ఇంకోటి లేదు.

ఉమామహేశ్ హాట్ ఎయిర్ బల్ల ముందు కుర్చీ లాగి, "కూచో కృపా" అన్నాడు.

ఆమె కూర్చోలేదు. తన చేతుల వైపు చూసుకుంది. నావల్ల వచ్చిన అనుమానం. నేను చూశాను, ఉమామహేశ్ కూడా చూశాడు. వాడే కూర్చుంటాడేమో అనుకున్నాను. వాడు కూర్చోలేదు. కిటికీ దగ్గరికెళ్ళి బయటికి చూస్తూ నిలబడ్డాడు. ఆ ఒక్క పనికీ వాడికి నేను జన్మంతా రుణపడి ఉంటాను.

కృప కళ్ళు మూసుకుని తన ప్రార్థన ఏదో చేసుకుంది. కూర్చుంది. చుట్టుపక్కల చిన్న భాగాలు కాలకుండా టేపు వేసింది. గాలి పెట్టింది. తిప్పుతూ, తిప్పుతూ, ఒకచోట నిలపకుండా. పదకొండు గంటలకి మొదలుపెడితే, పన్నెండయ్యేసరికి చిప్పు పాల మీది మీగడలా లేచొచ్చింది. మూడు కాళ్ళు వంగి ఉన్నాయి.

"అన్నయ్య గారూ" అంది, తలెత్తకుండా. "మీరు నేతవాళ్ళేగా. పోగులు సర్దడం వచ్చా?"

"మర్చిపోలేదు."

సూది ఇచ్చింది. అద్దం కింద ఆ మూడు కాళ్ళనీ సరిచేశాను. ఊపిరి కూడా పీల్చలేదు. మా నాన్న తెగిన పోగు అందుకున్నప్పుడు ఇలాగే బిగబట్టేవాడు. ఆమె తీసుకుని, అద్దంలో చూసి, ఏమీ అనలేదు. అనలేదంటే బాగున్నట్టే.

పోలరాజు గారి బోర్డు మీద పోయిన చిప్పు ఊడదీసి, దాని చోట దీన్ని వేసింది. మూడున్నరకి టెస్టింగ్ బల్ల మీద పెట్టి కరెంటిచ్చాం. తెర నల్లగా ఉంది. తర్వాత బొమ్మలొచ్చాయి. ఒక్క చార లేదు. పాట కూడా వచ్చింది. కృప తన రెండు చేతులూ తిప్పి చూసుకుంది, అరచేతులూ, వెనకలూ. ఈసారి వేరేగా చూసుకుంది. నేను మొహం పక్కకి తిప్పుకున్నాను.

మిగతా మూడు దువ్వెనలూ పీకేసి, చిప్పులు నాలుగూ ఆమే తుడిచి, దువ్వెనలు ఆమే అతికించింది. ఆ పనంతా అయ్యేదాకా నన్ను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడమంది. నిలబడ్డాను.

సాయంత్రం ఉమామహేశ్ నాతో మాట్లాడాడు. వాడి గొంతు మొదటిసారి ముసలిదైనట్టుంది. "బావా, నిన్ను నేను తీసెయ్యలేను. అక్క ఉంది. ఉంచుకోనూలేను. ఈ అమ్మాయికి మొహం చూపించుకోవాలి నేను." కృప వైపు తిరిగాడు. "బల్ల నీది. నీ పక్కన ఎవరు కూచోవాలో, అసలు కూచోవాలో వద్దో, నువ్వే చెప్పు. నువ్వు వద్దంటే వద్దు. అక్కకి నేను సర్దిచెప్పుకుంటా."

కృప బ్యాగు భుజానికి తగిలించుకుంది.

"రేపు ఆదివారం. చర్చికి వెళ్ళొచ్చి ఆలోచిస్తా" అని బస్సుకి వెళ్ళిపోయింది.

12 అక్టోబరు, ఆదివారం

పొద్దున్నుంచీ ఫోన్ ఛార్జింగ్‌లోనే ఉంది. నూరు చూపిస్తున్నా పీకలేదు. నాగవేణి నిన్నటి నుంచీ మాట్లాడుతోంది. కోపం తగ్గిందని కాదు, జరిగిందంతా తమ్ముడు చెప్పాడట.

"వద్దంటే ఏం చేస్తారు?" అంది.

"వద్దంటే వద్దనే. ఆ పిల్లదే న్యాయం."

"ఏడుపు రావట్లేదా?"

"వస్తోందే. ఏడిస్తే కూడా నువ్వు నవ్వుతావేమోనని ఆపుకుంటున్నా."

నవ్వలేదు. పక్కన కూర్చుంది.

వద్దంటుందనే అనుకున్నాను. నేనైతే అనేవాణ్ణి. ఎక్కడ అడగాలో కూడా లెక్కవేసుకున్నాను. గాంధీనగర్‌లో ఫ్యాన్లు చుట్టే ఆయన ఒకడున్నాడు, నా గురించి ఇంకా వినలేదు.

నాలుగింటికి ఫోన్ మోగింది.

"అన్నయ్య గారా? కృపని. రేపట్నుంచి తుడిచే పని మీది. అతికించేది నేను. గుడ్డ నేను చూశాకే బోర్డు కదలాలి. తొమ్మిదింటికి రావాలి. తొమ్మిదీ అయిదైతే వెనక్కి పంపించేస్తా. నవ్వుతున్నారా మీరు?"

"లేదమ్మా."

"నిజంగా?"

"నిజంగా."

"సరే" అంది. నమ్మింది. పెట్టేసింది.

నన్ను పన్లోంచి పొమ్మన్నవాళ్ళు చాలామంది. ఆదివారం పూట ఫోన్ చేసి పనికి రమ్మన్న మనిషి ఇంతవరకూ లేదు. నాగవేణి పొద్దున్న ఏడింటికల్లా క్యారియర్ కట్టి ఇస్తానంది. ఎనిమిదింటికే మెట్ల దగ్గరుంటాను.